ఇత్తడి తొడుగు లోపలి జాగా

ఒకే రైఫిల్, ఒకే బుల్లెట్, ఒకే డబ్బాలోంచి తీసి త్రాసులో తూచి పోసిన మందు, మందును రాజేసే ఒకే పెట్టెలోని ప్రైమర్లు. మారింది వీటన్నిటినీ పట్టి ఉంచే ఇత్తడి తొడుగు ఒక్కటే. అయినా వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు పేల్చి చూస్తే, ఒక తొడుగుతో సెకనుకు 2,600 అడుగులు పోయిన బుల్లెట్ ఇంకో తొడుగుతో 2,625 అడుగులు పోతుంది. ఇత్తడి మండదు, బుల్లెట్‌ను తొయ్యదు, పని అయిపోగానే పక్కకు ఎగిరి పడుతుంది. మరి ఆ 25 అడుగులు ఎక్కణ్ణించి వచ్చాయి?

అమెరికాలో తూటాలు ఇంట్లోనే నింపుకునే షూటర్లకు ఇది పాత ప్రశ్న. అక్కడ అది చట్టం ఒప్పుకునే వ్యాపకం. ఇత్తడి తొడుగు ఖరీదైన వస్తువు, పైగా ఒక్క కాల్పుతో పాడైపోదు. పేలిన తొడుగుల్ని ఏరి తెచ్చుకుంటారు. పాత ప్రైమర్‌ను పొడిచి తీసేసి, ఉబ్బిన తొడుగును ఉక్కు అచ్చులో నొక్కి మళ్లీ కొలతకు తెస్తారు. కొత్త ప్రైమర్ పెట్టి, మందు పోసి, బుల్లెట్‌ను మెడలో బిగిస్తారు. ఏరి తెచ్చుకున్న తొడుగులన్నీ ఒకే కంపెనీవి కావు. అడుగున గుండ్రంగా చెక్కిన అక్షరాలు చూస్తే ఒకటి విన్‌చెస్టర్, ఒకటి ఫిన్లాండ్‌లో చేసిన లాపువా, మరొకటి మిస్సోరీ రాష్ట్రంలోని లేక్ సిటీ సైనిక కర్మాగారం నుంచి వచ్చింది. బయటి కొలతల్లో మూడూ ఒకటే. లోపల వేరు.

ఇక్కడ ఒక నిర్దిష్టమైన తూటాను తీసుకుందాం. విన్‌చెస్టర్ కంపెనీ 1952లో .308 విన్‌చెస్టర్ అనే తూటాను అమ్మకానికి తెచ్చింది. దాదాపు అదే రూపంలో ఉన్న 7.62 మిల్లీమీటర్ల తూటాను నాటో సైన్యాలు 1954లో స్వీకరించాయి. మెషీన్‌గన్ తొడుగును మొరటుగా లాగి పారేస్తుంది, అందులో తూటా కూర్చునే గది, అంటే ఛాంబర్, కూడా కాస్త వదులు. ఆ లాగుడికి తట్టుకోవాలని సైనిక తొడుగును మందంగా చేశారు. విన్‌చెస్టర్ వారి మామూలు తొడుగు చాలాకాలం 160 గ్రెయిన్లకు అటూఇటూగా తూగేది, లేక్ సిటీది 180 గ్రెయిన్ల దరిదాపుల్లో ఉంటుంది. గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము. తేడా 20 గ్రెయిన్లు, అంటే 1.3 గ్రాములు.

ఈ అదనపు ఇత్తడి ఎక్కడికి పోయింది? పేలినప్పుడు తొడుగు ఉబ్బి ఛాంబర్ గోడలకు అతుక్కుంటుంది. ఛాంబర్ ఒకటే కాబట్టి ఆ క్షణంలో ఏ తొడుగుకైనా బయటి ఆకారం ఒకటే. బయటికి పెరగడానికి చోటు లేనప్పుడు ఎక్కువైన లోహం లోపలి జాగానే ఆక్రమిస్తుంది. తూటాల ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 8.5 గ్రాములు. 1.3ను 8.5తో భాగిస్తే 0.15 ఘన సెంటీమీటర్లు. సైనిక తొడుగు లోపల అంత మేరకు ఇరుకు.

మొత్తం జాగాలో ఇది ఎంత? .308 తొడుగులో అంచు దాకా నీళ్లు పోస్తే 56 గ్రెయిన్ల నీళ్లు పడతాయి, అంటే 3.6 ఘన సెంటీమీటర్లు. 0.15 అందులో నాలుగు శాతం. చూడటానికి చిన్నదే. కానీ ఆ 3.6 అంతా ఖాళీ కాదు. బుల్లెట్ మడమ కొంత భాగం తొడుగులోకి దిగి ఉంటుంది, దానికి 0.3 తీసేద్దాం. ఈ తూటాలో పట్టే మందు 2.7 గ్రాములు అనుకుందాం. పొగలేని మందు పలుకుల సాంద్రత సుమారు 1.6, కాబట్టి మందు పదార్థమే 1.7 ఘన సెంటీమీటర్ల చోటు తీసుకుంటుంది. మిగిలింది 1.6. మొదటి వాయువు పుట్టేటప్పుడు దానికి దొరికే అసలు జాగా ఇదే. 1.6లో 0.15 పోతే తొమ్మిది శాతం పోయినట్టు. బయటినుంచి నాలుగు శాతంగా కనిపించిన తేడా, మందు వైపు నుంచి చూస్తే రెండింతలకు పైగా పెద్దది.

ఇక్కడ భౌతిక శాస్త్రం తెలిసిన పాఠకుడికి ఒక అభ్యంతరం రావాలి. బుల్లెట్ కదలడం మొదలుపెట్టగానే దాని వెనక వాయువుకు జాగా పెరుగుతూ పోతుంది కదా? .308 గొట్టం అడ్డుకోత వైశాల్యం అర చదరపు సెంటీమీటరుకు కొంచెం తక్కువ. లెక్కవేస్తే 0.15 ఘన సెంటీమీటర్లంటే గొట్టంలో మూడు మిల్లీమీటర్ల పొడవు. అరవై సెంటీమీటర్ల గొట్టంలో బుల్లెట్ మూడు మిల్లీమీటర్లు ముందుకు జరిగితే ఆ తేడా పూడిపోవాలి.

మందు కాలే తీరు మామూలు వాయువు లెక్క లాంటిది అయితే ఈ అభ్యంతరం నిలబడేది. అలా కాదని తేల్చిన వాళ్లలో ముఖ్యుడు పాల్ వియే. ఫ్రాన్స్‌లో 1884లో మొదటి పనికొచ్చే పొగలేని మందును తయారుచేసిన రసాయనవేత్త ఆయనే. మందు పలుకు ఉపరితలం ఎంత వేగంగా కాలి తరుగుతుందో, ఆ వేగం చుట్టూ ఉన్న పీడనంతో పాటు పెరుగుతుందని ఆయన చూపించాడు. బయట పళ్లెంలో పోసి వెలిగిస్తే ఈ మందు చర్రున కాలుతుందే తప్ప పేలదు. అదే మందు బిగించిన తొడుగులో సెకనులో వెయ్యో వంతులో కాలిపోతుంది. కాలితే వాయువు, వాయువుతో పీడనం, పీడనంతో ఇంకా చురుగ్గా కాలడం. ఒకదాన్ని ఒకటి ఎగదోసే ఈ వరుసలో మొదట్లో వచ్చిన చిన్న తేడా చిన్నగా ఉండిపోదు. బుల్లెట్ ఇంకా కదలని, లేదా అప్పుడే కదిలిన ఘడియలో పీడనం తొమ్మిది శాతం ఇరుకైన చోట పెరిగితే, మందు తర్వాత చేసే పనంతా కాస్త ముందుకు జరుగుతుంది. అంటే బుల్లెట్ ఆ మూడు మిల్లీమీటర్లు దాటేసరికే తేడా తన పని చేసేసింది.

దీనికి తోడు మరో సంగతి. ఇంత పీడనంలో వాయు అణువులు తామే కొంత చోటు తీసుకుంటాయి. ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ ఇద్దరూ 1870లలో ఇంగ్లండులో మూసిన ఉక్కు పాత్రల్లో మందు పేల్చి పీడనాలు కొలిచారు. వాళ్ల పేరుతో ఉన్న సమీకరణం పాత్ర ఘనపరిమాణం నుంచి అణువుల సొంత చోటును తీసేసి మిగిలినదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. మిగిలింది తక్కువైన కొద్దీ ప్రతి చిన్న కోతా బలంగా తగులుతుంది.

ఇప్పుడు వేగం. బుల్లెట్ వేగాన్ని నిజంగా కొలిచిన తొలి మనిషి బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయ గణితవేత్త. 1742లో వచ్చిన ఆయన పుస్తకంలో లోలకం పద్ధతి ఉంది. వేలాడదీసిన బరువైన దిమ్మెలోకి గుండును పేల్చి, దిమ్మె ఎంత ఊగిందో చూసి, ద్రవ్యవేగ నిత్యత్వంతో గుండు వేగాన్ని రాబట్టాడు. మహా గణితవేత్త ఆయిలర్ అంతటివాడు ఆ పుస్తకాన్ని జర్మన్‌లోకి అనువదించి వ్యాఖ్య రాశాడు. ఈ రాబిన్స్‌కు మన తీరంతో సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ కోటల్ని బాగుచేయడానికి ఇంజనీరుగా వచ్చి, 1751లో కడలూరు దగ్గర ఫోర్ట్ సెయింట్ డేవిడ్‌లో జ్వరంతో చనిపోయాడు. తుపాకీ శాస్త్రానికి ఆద్యుడైన మనిషి కోరమండల్ ఒడ్డున కన్నుమూశాడని మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉండాల్సింది.

నేటి షూటర్ దగ్గర లోలకం లేదు, అరచేతిలో పట్టే క్రోనోగ్రాఫ్ ఉంది. అది చెప్పే అంకె నిజమే, కానీ సగం నిజం. ఈ అధ్యాయంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలుచుకున్నది ఈ సంగతే. ఇరుకు తొడుగు వేగాన్ని ఒక శాతం పెంచితే, గరిష్ఠ పీడనం ఐదారు శాతం పెరిగి ఉండొచ్చు. ఎందుకంటే వేగం గొట్టం పొడవునా జరిగిన మొత్తం పనికి సాక్షి, గరిష్ఠ పీడనం ఒక్క శిఖరానికి సంబంధించింది. బుల్లెట్ శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది, కాబట్టి ఒక శాతం వేగానికి రెండు శాతం అదనపు పని చాలు. మందు ముందే కాలిపోవడం వల్ల శిఖరం బాగా లేచి, గొట్టం చివరి భాగంలో పీడనం కొద్దిగా తగ్గుతుంది. మొత్తం మీద పని పెద్దగా పెరగదు. కొండ ఎత్తు పెరిగింది, విస్తీర్ణం పెద్దగా మారలేదు.

.308కు అమెరికా తయారీదారుల సంఘం పెట్టిన హద్దు చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు, మామూలు గాలి పీడనానికి 4,200 రెట్లు. తేలిక తొడుగులో ఆ హద్దును తాకుతూ సరిపోయిన మోతాదునే బరువైన తొడుగులో పోస్తే హద్దు దాటిపోతుంది. క్రోనోగ్రాఫ్ మీద కనిపించేది మాత్రం ముచ్చటైన పాతిక అడుగుల పెరుగుదల. అందుకే అనుభవమున్న వాళ్లు తొడుగు రకం మారితే మోతాదును బాగా తగ్గించి, మళ్లీ మొదటినుంచి మెట్టు మెట్టుగా పరీక్షిస్తారు. ఊరికే వచ్చిన వేగం అంటూ ఏదీ లేదు. దాని ఖర్చు ఎక్కడో పడే ఉంటుంది.

ఆ పాతిక అడుగులు లక్ష్యం దగ్గర ఏం చేస్తాయో కూడా చూద్దాం. వెయ్యి గజాల పోటీలో ఈ తరహా బుల్లెట్ భూమ్యాకర్షణ వల్ల పది మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. వేగం ఒక శాతం మారితే ఆ దిగుడులో సుమారు రెండు శాతం మారుతుంది, అంటే 20 సెంటీమీటర్లకు పైనే. అమెరికాలో ఎఫ్-క్లాస్ పోటీల వెయ్యి గజాల లక్ష్యంలో పది మార్కుల వలయం వ్యాసం పది అంగుళాలు, అంటే కేంద్రం నుంచి 12.7 సెంటీమీటర్లు. మధ్యకు గురిపెట్టిన తూటా, తొడుగు వేరే రకమైతే పదిని దాటి తొమ్మిదిలో పడుతుంది. గాలి వాలు, చేతి వణుకు ఇంకా లెక్కలోకి రానేలేదు.

మరి లోపలి జాగాను నిక్కచ్చిగా ఎలా తెలుసుకోవాలి? తొడుగును తూస్తే చాలని చాలామంది అనుకుంటారు. వేర్వేరు కంపెనీల మధ్య తూకం దారి చూపుతుంది కానీ తీర్పు చెప్పలేదు. అడుగున లాగే కొక్కెం కోసం చెక్కిన గాడి ఒకరిది లోతు, ఒకరిది తక్కువ. అక్కడ ఎక్కువైన ఇత్తడి లోపలికి రాదు. సరైన పద్ధతి నీళ్లే. ఒకే రైఫిల్‌లో పేలిన తొడుగును, పాత ప్రైమర్ అలాగే ఉండగా ఖాళీగా తూచాలి. నీటి పైపొర ఉబ్బకుండా చుక్క సబ్బు ద్రావణం కలిపిన నీళ్లను మూతి దాకా పోసి, గాలి బుడగలు తట్టి పోగొట్టి, మళ్లీ తూచాలి. తేడా నీటి బరువు, అదే లోపలి జాగా.

ఇంతదాకా ఇత్తడిని చోటు తీసుకునే వస్తువుగానే చూశాం. అది లోహం కూడా. పీడనాన్ని భరించేది ఇత్తడి కాదు, దాన్ని కావలించుకున్న ఉక్కు ఛాంబర్. తొడుగు పని వాయువు వెనక్కి రాకుండా మూసి, పీడనం దిగగానే గోడను వదిలి వెనక్కి ముడుచుకోవడం. ఇందులో ఇత్తడిది పై చెయ్యి. బాగా సాగదీసి గట్టిపరచిన తూటా ఇత్తడి సుమారు 430 మెగాపాస్కల్స్ దాకా శాశ్వతంగా వంగకుండా నిలుస్తుంది, దాని స్థితిస్థాపక గుణకం 110 గిగాపాస్కల్స్. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 0.4 శాతం వస్తుంది. అంత మేరకు సాగి మళ్లీ వెనక్కి రాగలదు. మామూలు మెత్తని ఉక్కుతో తొడుగు చేస్తే ఈ వెనక్కి వచ్చే గుణం సగం కూడా ఉండదు, తొడుగు ఛాంబర్‌లో ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ. ఇన్ని లోహాలుండగా నూటయాభై ఏళ్లుగా ఇత్తడే నిలిచి ఉండటానికి బలమైన కారణాల్లో ఇదొకటి.

ఆ గట్టిదనం తొడుగంతటా ఒకేలా ఉండకూడదు. అడుగు గట్టిగా, మెడ మెత్తగా ఉండాలి. ఇత్తడి బిందె చేసే కంచరి రేకును కొడుతూ కొడుతూ మధ్యలో ఎర్రగా కాలుస్తాడు, కాల్చకపోతే రేకు బిరుసెక్కి పగులుతుంది. తొడుగు మెడ సంగతీ అంతే. పేలినప్పుడు ఉబ్బి, అచ్చులో నొక్కితే ముడుచుకుని, ప్రతి విడతకూ బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన మెడ బుల్లెట్‌ను పట్టుకునే పట్టు మారుతుంది. ఒక తొడుగు త్వరగా వదులుతుంది, మరొకటి పీడనం ఇంకా పెరిగాక వదులుతుంది. వేగం తూటాకూ తూటాకూ చెదిరిపోతుంది. అందుకే కర్మాగారాల్లో మెడ వరకే మంటలో కాల్చి మెత్తబరుస్తారు. సైనిక తూటాల మెడ మీద కనిపించే నీలి గోధుమ ఛాయ ఆ మంట గుర్తు. సైన్యం దాన్ని చెరపనివ్వదు, మార్కెట్‌లో అమ్మే చాలా కంపెనీలు మెరుగు పెట్టి తీసేస్తాయి.

బిరుసెక్కడంతో పాటు లోహంలో దాగిపోయే బిగువు ఎంత చేటు చేయగలదో ప్రపంచానికి తెలిసింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ నిలవ చేసిన తూటాల తొడుగులు వానాకాలం రాగానే పగుళ్లిచ్చేవి. ఎవరూ ముట్టుకోకపోయినా, పేల్చకపోయినా మెడల దగ్గర నిలువునా చీలేవి. వానాకాలపు పగులు అనే అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు గానీ కారణం చాలాకాలం అంతు చిక్కలేదు. తూటాలను గుర్రపుశాలల్లో ఉంచేవారు. గుర్రాల మూత్రం నుంచి అమ్మోనియా వచ్చేది, వానల్లో తేమ తోడయ్యేది, తయారీలో సాగదీసినప్పటి బిగువు ఇత్తడిలో అలాగే మిగిలి ఉండేది. మూడూ కలిసి లోహపు పలుకుల మధ్య సందుల వెంట పగులు పారేలా చేశాయి. ఈ గుట్టును 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు విప్పారు. తయారీ చివర తొడుగును మితమైన వేడిలో ఉంచి లోపలి బిగువు సడలిస్తే పగుళ్లు ఆగిపోతాయి. నేటికీ తూటా తొడుగుల్ని అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్‌తో తోమకూడదని హెచ్చరించడం వెనక ఉన్నది ఈ కథే.

మళ్లీ జాగా దగ్గరికి వద్దాం. కంపెనీ మారితే వేగం మారుతుందని తెలిశాక కొందరు ఉత్సాహం ఆపుకోలేరు. ఒకే కంపెనీ, ఒకే విడతలో చేసిన తొడుగుల్ని సైతం ఒక్కొక్కటీ తూచి, గ్రెయిన్‌లో పదోవంతు తేడాతో కుప్పలు వేస్తారు. ఆ శ్రమను నేను తక్కువ చేయను. కానీ లెక్క వారి వైపు లేదు. మంచి విడతలో తొడుగుల నీటి కొలత 0.2 గ్రెయిన్ అటూఇటూ అయితే, రెండు గ్రెయిన్లకు పాతిక అడుగుల చొప్పున దాని విలువ సెకనుకు రెండు మూడు అడుగులే. బాగా నింపిన తూటాల్లో కూడా వేగం పది అడుగుల ప్రామాణిక విచలనంతో చెదురుతుంది. మందు తూకం, ప్రైమర్, మెడ పట్టు, గొట్టం వేడి అన్నీ అందులో కలిసే ఉంటాయి.

పది అడుగుల చెదురులో మూడు అడుగుల తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో కుప్పలోంచి కనీసం 90 తూటాలు పేల్చాలి. ఐదేసి పేల్చి సగటు చూస్తే ఆ సగటుల తేడాయే ఆరు అడుగులు ఊగుతుంది, మూడు అందులో మునిగిపోతుంది. అదే పాతిక అడుగుల తేడా ఐదేసి తూటాలతోనే నిలబడి కనిపిస్తుంది. నా తీర్పు ఇది: కంపెనీల్ని కలపవద్దు, విడతల్ని కలపవద్దు, వేర్వేరు సార్లు పేల్చిన తొడుగుల్నీ కలపవద్దు. ఆ మూడూ పాటించాక ఒక్కో తొడుగునూ తూచే సమయాన్ని మెడను సమంగా ఉంచడానికి, గాలిని చదవడం నేర్చుకోవడానికి పెడితే ఎక్కువ ఫలితం.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు నింపడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం, కాబట్టి ఇవన్నీ మన ఇళ్లలో చేసి చూసేవి కావు. అయినా ఈ ప్రశ్న మన షూటర్లకు దూరమైంది కాదు. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్టల్ అయినా, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలేకు కాంస్యం తెచ్చిన 50 మీటర్ల రైఫిల్ అయినా వాడేది .22 తూటాలే. వాటిలో ప్రైమర్ మందు తొడుగు అడుగు అంచు మడతలోనే ఉంటుంది, అంచు నలిగితేనే పేలుతుంది. ఒకసారి నలిగిన తొడుగును మళ్లీ నింపడం కుదరదు. తొడుగు గోడ మందం, మడతలోని మందు, బుల్లెట్ పట్టు అన్నీ కర్మాగారం ఏ రోజు ఎలా చేస్తే అలాగే తీసుకోవాలి. అందుకని పెద్ద పోటీలకు వెళ్లే షూటర్లు తమ తుపాకీ గొట్టాన్ని పరీక్షా కేంద్రానికి తీసుకెళ్లి, ఒకే బ్రాండ్‌లో వేర్వేరు విడతల తూటాల్ని పేల్చి చూసి, గుంపు బాగా దగ్గరగా పడిన విడత నంబరు తూటాల్నే ఒక్కసారిగా కొనిపెట్టుకుంటారు.